పిన్ కొడితే తప్పంటోంది: ఇంట్లో రెండు సిస్టమ్‌ల మధ్య ఫోల్డర్ షేరింగ్

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, తేడా ఉంటే సరిచెయ్యండి. మేడ మీద గదిలో విండోస్ 10 డెస్క్‌టాప్, కింద హాల్లో విండోస్ 11 ప్రో ల్యాప్‌టాప్ (24హెచ్2 వెర్షన్). డెస్క్‌టాప్ డి డ్రైవ్‌లో పిల్లల ఫొటోలు, వీడియోలు, ఇంటి కాగితాల స్కాన్లు అన్నీ కలిపి 60 జీబీ దాకా ఉన్నాయి. ఆ ఫోల్డర్ షేర్ చేశారు. ల్యాప్‌టాప్ నుంచి తెరవబోతే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది, రోజూ కొట్టే పిన్ ఇస్తే తప్పంటోంది. ఎవరిదో వీడియో చూసి పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆపేశారు, ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చారు. అయినా రాలేదు. పైగా డెస్క్‌టాప్ పేరు ఒకసారి కనబడుతోంది, ఒకసారి మాయమవుతోంది. చివర్లో "ఒకే వైఫై అండి, పైన సిగ్నల్ అందక ఇంకో రౌటర్ పెట్టించాం" అన్నారు చూడండి, ఆ ముక్క గుర్తుపెట్టుకోండి. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

సూటిగా జవాబు: డెస్క్‌టాప్‌లో షేరింగ్ కోసమే ఒక లోకల్ యూజర్‌ని (మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో పనిలేకుండా ఆ సిస్టమ్‌లోనే ఉండే యూజర్) తయారుచేసి, దానికి పాస్‌వర్డ్ పెట్టి, ల్యాప్‌టాప్ అడిగినప్పుడు ఆ పేరు, ఆ పాస్‌వర్డ్ ఇవ్వండి. వీడియో చూసి మార్చినవి రెండూ వెనక్కి తిప్పెయ్యండి. మాయమవడం వేరే జబ్బు, అది పై రౌటర్‌దని నా అనుమానం.

2003 నుంచి రాజమండ్రిలో నాది ఇదే పని. నెట్ సెంటర్లకి వైర్లు లాగి క్రింపింగ్ (వైరు కొసకి ప్లగ్ బిగించడం) చేసిన రోజుల నుంచి చూస్తున్నాను. విండోస్ ఎక్స్‌పీలో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి షేర్ అంటే చాలు, వీధిలో ఎవరైనా తెరిచేసేవారు. విండోస్ 7లో హోమ్‌గ్రూప్ అని ఒకటి వచ్చింది, ఇంటివాళ్ళకి బాగానే ఉండేది, 2018లో విండోస్ 10 నుంచి దాన్ని తీసేశారు. ఆ పాత అలవాటుతో చెప్పే సలహాలే ఇంకా తిరుగుతున్నాయి, అందుకే మీకు కుదరలేదు.

పిన్ ఎందుకు పనిచెయ్యదంటే, పిన్ ఆ ఒక్క మెషీన్‌కే చెందినది. దాని ముందు కూర్చుని కొడితేనే విలువ, నెట్‌వర్క్ మీదుగా పంపడానికి పనికిరాదు. మీరు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవుతుంటే ఆ మెయిల్ ఐడీ, దాని అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామందికి అది గుర్తుండదు. గుర్తున్నా ఇంకో మెలిక ఉంది: మధ్యలో ఫోన్‌లోంచి పాస్‌వర్డ్ మార్చి, డెస్క్‌టాప్‌లో మాత్రం ఏడాదిగా పిన్‌తోనే వెళ్తుంటే ఆ డెస్క్‌టాప్‌కి కొత్త పాస్‌వర్డ్ సంగతే తెలియకపోవచ్చు. ఒకసారి పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితే తెలుసుకుంటుంది. ఈ గొడవంతా లేకుండా వేరే లోకల్ యూజర్ హాయి. మెయిల్ పాస్‌వర్డ్ ఇంట్లో నాలుగు సిస్టమ్‌లలో సేవ్ చేసి పెట్టుకోవడం మంచిది కాదన్నది ఇంకో కారణం.

ఇక ఆ వీడియో సలహా. పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ ఆపితే డెస్క్‌టాప్ వచ్చినవాళ్ళందర్నీ పేరు, పాస్‌వర్డ్ అడక్కుండా గెస్ట్‌గా రానిస్తుంది. మీ విండోస్ 11 ప్రో 24హెచ్2 మాత్రం గెస్ట్‌గా వెళ్ళనంటుంది, డిఫాల్ట్‌గానే. అంటే డెస్క్‌టాప్ తలుపు బార్లా తీసి పెట్టారు, ల్యాప్‌టాప్ గడప దాటనంటోంది. పని కాలేదు, తలుపు మాత్రం తెరిచే ఉంది.

సరే, చెయ్యాల్సినది. డెస్క్‌టాప్ దగ్గర కూర్చోండి.

సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో ఫ్యామిలీ అండ్ అదర్ యూజర్స్. కొత్త మనిషిని చేర్చమంటే మెయిల్ ఐడీ అడుగుతుంది. ఆ వ్యక్తి సైన్‌ఇన్ వివరాలు నా దగ్గర లేవు అనే లింకు నొక్కండి, తర్వాతి పేజీలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ని చేర్చు అని ఉంటుంది. అక్కడ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నగా, ఖాళీ లేకుండా పెట్టండి. పాస్‌వర్డ్ తప్పనిసరి. పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసిన లోకల్ యూజర్‌ని విండోస్ నెట్‌వర్క్ మీదుగా రానివ్వదు. ఈ ఒక్క కారణంతో నాకు వచ్చిన ఫోన్లు లెక్కపెట్టలేను. ఆ యూజర్‌ని అడ్మినిస్ట్రేటర్ చెయ్యొద్దు, మామూలు స్టాండర్డ్ యూజర్ చాలు. ఆ పేరుతో ఎవరూ డెస్క్‌టాప్‌లో లాగిన్ అవ్వక్కర్లేదు కూడా.

తర్వాత డి డ్రైవ్‌లో ఫోల్డర్. రైట్ క్లిక్, గివ్ యాక్సెస్ టు, స్పెసిఫిక్ పీపుల్. కొత్త యూజర్‌ని చేర్చండి, ఎవ్రీవన్ ఉంటే తీసెయ్యండి. ఈ దారినే వెళ్ళమనడానికి కారణం ఉంది. విండోస్‌లో ఫోల్డర్‌కి రెండు తాళాలుంటాయి, షేరింగ్ ట్యాబ్‌లోది వీధి గేటు, సెక్యూరిటీ ట్యాబ్‌లోది ఇంటి తలుపు. రెండిట్లో ఏది గట్టిదైతే అదే చెల్లుతుంది. గేటు దగ్గర ఫుల్ కంట్రోల్ ఇచ్చి లోపల అసలు పేరే చేర్చకపోతే లోపలికి రాలేరు. గివ్ యాక్సెస్ టు దారిలో వెళ్తే రెండూ విండోసే చూసుకుంటుంది. అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లో వెళ్తే రెండూ మీరే చెయ్యాలి.

విండోస్‌లోనే ఉండే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ అనే పేర్ల ఫోల్డర్లను షేర్ చెయ్యకండి. డి డ్రైవ్‌లో విడిగా ఫోల్డర్ ఉండడమే మంచిది, మీకు ఉన్నదీ అదే.

ఇప్పుడు ఒక గట్టి సలహా. ఫొటోల ఫోల్డర్‌కి రీడ్ (చూసే హక్కు) మాత్రమే ఇవ్వండి. ఇచ్చిపుచ్చుకోవడానికి పక్కన ఇంకో చిన్న ఫోల్డర్ పెట్టి, దానికి మాత్రం రీడ్, రైట్ (రాసే హక్కు) రెండూ ఇవ్వండి. నెట్‌వర్క్ మీదుగా డిలీట్ చేసిన ఫైలు రీసైకిల్ బిన్‌కి వెళ్ళదు, నేరుగా పోతుంది. ల్యాప్‌టాప్‌లో పిల్లాడు ఫోల్డర్ మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కితే "పర్మనెంట్‌గా తీసెయ్యాలా" అని అడుగుతుంది, వాడు ఎస్ కొడతాడు, అంతే. ఫొటోలు చూడ్డానికి రైట్ పర్మిషన్ ఎందుకు చెప్పండి?

ఇక ల్యాప్‌టాప్ వైపు. ముందు పాత ప్రయత్నాల చెత్త ఊడవాలి. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, విండోస్ క్రెడెన్షియల్స్. అందులో డెస్క్‌టాప్ పేరుతోనో ఐపీతోనో (నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్‌కి ఉండే అంకెల అడ్రస్) ఏమన్నా ఉంటే తీసేసి ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చెయ్యండి. ఒకే సిస్టమ్‌కి ఒకేసారి రెండు పేర్లతో వెళ్ళనివ్వదు విండోస్, 1219 అనే ఎర్రర్ వస్తే సంగతి అదే.

తర్వాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, రెండు బ్యాక్‌స్లాష్‌లు, వెంటనే డెస్క్‌టాప్ ఐపీ కొట్టండి. \\192.168.1.20 ఇలా. ఐపీ ఎంతో డెస్క్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే ఐపీవీ4 అడ్రస్ వరసలో చూపిస్తుంది. పేరు అడిగినచోట డెస్క్‌టాప్ కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ఆపైన కొత్త యూజర్ పేరు రాయండి. ఏ మెషీన్‌లోని యూజరో అన్న అయోమయం ఉండదు. గుర్తుపెట్టుకో అన్న పెట్టెలో టిక్ పెట్టండి. ఫోల్డర్ తెరుచుకున్నాక రైట్ క్లిక్ చేసి మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ ఎంచుకుంటే మీ సి, డి పక్కన జెడ్ అని కూర్చుంటుంది.

ఇక్కడితో చాలామందికి పని అయిపోతుంది. కాకపోతే ముందు చూడాల్సింది రెండు సిస్టమ్‌లలోనూ నెట్‌వర్క్ ప్రొఫైల్ ప్రైవేట్ అని ఉందా, పబ్లిక్ అని ఉందా. వైఫై ప్రాపర్టీస్‌లో ఉంటుంది. పబ్లిక్ అంటే రైల్వే స్టేషన్ వైఫై అనుకుని ఫైర్‌వాల్ అన్నీ మూసేస్తుంది. ఇంటి వైఫైకి ప్రైవేట్ పెట్టండి. విడిగా యాంటీవైరస్ కొని వేసుకుంటే దానికి సొంత ఫైర్‌వాల్ ఉంటుంది, అందులోనూ ఇంటి నెట్‌వర్క్ అని చెప్పాలి. ల్యాప్‌టాప్ ఆఫీసు వాళ్ళు ఇచ్చినదైతే, వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి వేసే విడి దారి) ఆన్‌లో ఉంటే, ఇంటి నెట్‌వర్క్ కనబడకపోవచ్చు. అది వాళ్ళ పాలసీ, దాంతో కుస్తీ పట్టకండి.

ఇప్పుడు మాయమయ్యే సంగతి. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఇదే.

నా అనుమానం ఇది. కింద ఫైబర్ వాళ్ళు ఇచ్చిన రౌటర్. దాంట్లోంచి వైరు మేడ మీదికి వెళ్ళి రెండో రౌటర్‌లో వ్యాన్ (ఇంటర్నెట్ వచ్చే దారి) అని రాసి ఉన్న, రంగు వేరుగా ఉండే పోర్టులో గుచ్చి ఉంటుంది. రెండిటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టి వెళ్ళుంటారు. చూసేవాళ్ళకి ఒకే వైఫై, నిజానికి రెండు వేరు నెట్‌వర్క్‌లు. కింద 192.168.1 వరస, పైన 192.168.0 వరస. ల్యాప్‌టాప్ తీసుకుని మీరు మేడ మీదికెళ్తే పై రౌటర్‌కి అతుక్కుంటుంది, డెస్క్‌టాప్ కనబడుతుంది. హాల్లోకి వస్తే కింది రౌటర్‌కి మారుతుంది, డెస్క్‌టాప్ మాయం. పై రౌటర్ వెనక ఉన్నవాళ్ళు కింది నెట్‌వర్క్‌లోకి రాగలరు గానీ, కింద ఉన్నవాళ్ళు పైకి పోలేరు. ఇంటర్నెట్ మాత్రం రెండు చోట్లా ఆడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మా ఇంట్లోనే నేను ఒక సాయంత్రమంతా డెస్క్‌టాప్ సెట్టింగ్‌లు తిరగేసి, ఆఖరికి రెండు ఐపీలు పక్కపక్కన కాగితం మీద రాసుకున్నాక నెత్తి కొట్టుకున్నాను. ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్నవాడి పరిస్థితి అది.

పరీక్ష సులువు. హాల్లో కూర్చుని ల్యాప్‌టాప్ ఐపీ చూడండి, డెస్క్‌టాప్ ఐపీ చూడండి. మొదటి మూడు అంకెల గుంపులు ఒకటే అయితే నా అనుమానం తప్పు. మూడోది తేడా వస్తే దొంగ దొరికినట్టే.

మందు: పై రౌటర్ సెట్టింగ్స్ పేజీలో యాక్సెస్ పాయింట్ మోడ్ (సొంత నెట్‌వర్క్ పెట్టకుండా వైఫై మాత్రమే పంచడం) అని ఉంటే అది ఎంచుకుంటే చాలు. లేకపోతే మూడు పనులు, వరస తప్పకుండా. ఒకటి, పై రౌటర్ సొంత ఐపీని కింది వరసలోకి మార్చండి, 192.168.1.2 లాంటిది, వేరే దేనికీ లేనిది. మీ కింది రౌటర్ 192.168.1.1 అన్న లెక్కన చెప్తున్నాను. రెండు, పై రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపెయ్యండి, ఇంట్లో ఐపీలు పంచేది ఒక్క రౌటరే ఉండాలి. మూడు, వైరుని వ్యాన్ పోర్టులోంచి పీకి పక్కనున్న లాన్ (ఇంటి లోపలి) పోర్టుల్లో ఒకదాంట్లో పెట్టండి. డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి. అంతా ఒకే ఇల్లు అవుతుంది. డీహెచ్‌సీపీ ఆపకుండా వైరు మారిస్తే ఇద్దరూ పోటీపడి ఐపీలు పంచి ఇంట్లో ఇంటర్నెట్ కూడా తిక్కగా ప్రవర్తిస్తుంది, అందుకే వరస అన్నాను. గెస్ట్ వైఫై వాడుతుంటే దాన్నుంచి కూడా ఇంటి సిస్టమ్‌లు కనబడవు, దాని పనే అది.

ఇదంతా అయ్యాక కూడా "ఒక్కోసారి రావట్లేదు" అంటే డెస్క్‌టాప్ నిద్రపోతోందేమో చూడండి. స్లీప్‌లో ఉన్న సిస్టమ్ ఎవరికీ తలుపు తీయదు. ఇంకొకటి, డెస్క్‌టాప్ ఐపీ రోజుకోటి మారకుండా కింది రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ పెట్టెయ్యండి. కంప్యూటర్ పేరుతో వెళ్తానంటే పేరు 15 అక్షరాలకు మించకుండా ఇంగ్లిష్‌లో పెట్టుకోండి. ఫోల్డర్ల పేర్లు తెలుగులో ఉన్నా ఇబ్బంది లేదు.

ఫోల్డర్ తెరుచుకుంటుంది గానీ అందులో కొన్ని ఫొటోలు మాత్రం "యాక్సెస్ డినైడ్" అంటాయి కొందరికి. మీకూ రావచ్చు కాబట్టి చెప్తున్నాను. అదే డ్రైవ్‌లో వేరే చోటునుంచి కట్ చేసి పేస్ట్ చేసిన ఫైళ్ళు పాత పర్మిషన్లను వెంట తెచ్చుకుంటాయి. కాపీ చేసినవి అయితే కొత్త ఫోల్డర్ పర్మిషన్లు తీసుకుంటాయి. సెక్యూరిటీ ట్యాబ్, అడ్వాన్స్‌డ్‌లో లోపలి వాటన్నిటికీ ఇవే పర్మిషన్లు పెట్టు అనే టిక్ ఒకటి కిందనే ఉంటుంది, అది పెట్టి అప్లై చేస్తే సర్దుకుంటాయి.

60 జీబీ మొత్తం ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేద్దామనుకుంటే మాత్రం వైఫై మీద పెట్టి ఎదురుచూడకండి. గోడలు దాటిన 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద సెకనుకి 5 ఎంబీ వస్తే గొప్ప, అంటే మూడు గంటల పైమాట. వైరు వేసినా రౌటర్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దైతే (అవి సెకనుకి మెగాబిట్లు, ఎంబీలు కాదు) సెకనుకి 11 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, గంటన్నర. రెండు వైపులా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) అయితే సెకనుకి 110 ఎంబీ దాకా వెళ్తుంది, పది నిమిషాల్లో తేలుతుంది, డిస్క్‌లు అంత వేగం ఇస్తేనే. గిగాబిట్‌కి కేబుల్‌లో ఎనిమిది తీగలూ అతకాలి. క్రింపింగ్‌లో ఒక్క తీగ వదులుగా ఉన్నా చప్పుడు లేకుండా 100 ఎంబీపీఎస్‌కి పడిపోవచ్చు. మొదటిసారి మోత బరువుకి ఎక్స్‌టర్నల్ డిస్క్ వాడి, తర్వాత రోజువారీకి షేరింగ్ వాడుకోండి. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు, అది పాడైందనుకోకండి. అన్నట్టు, ఇంట్లోనే ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి పోయే ఫైళ్ళకి మీ ఇంటర్నెట్ డేటా ఖర్చవ్వదు, నెట్ పోయినా షేరింగ్ ఆడుతుంది.

షేర్‌లో ఉన్న ఫైలుని అక్కడే తెరిచి పనిచెయ్యడం గురించి. ఫొటోలు చూడ్డం, వీడియో పెట్టుకోవడం పర్లేదు. మార్చాల్సినవైతే ఇటు కాపీ చేసుకుని, పని ముగించి, తిరిగి అటు పెట్టండి. 2011లో శుభలేఖలు వేసే ఒక డీటీపీ షాపులో రెండు సిస్టమ్‌లు కలిపాను. సిస్టమ్‌లు రెండిటికీ యూపీఎస్ ఉంది, మధ్యలో టేబుల్ కింద ఉన్న అయిదు పోర్టుల నెట్‌వర్క్ స్విచ్‌కి (రెండిటి వైర్లూ కలిపే డబ్బా) లేదు. పెళ్ళిళ్ళ సీజన్, పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే ప్రోగ్రామ్) ఫైలు అవతలి సిస్టమ్ నుంచి నేరుగా తెరిచి సేవ్ కొడుతుండగా కరెంటు పోయింది. సిస్టమ్‌లు రెండూ వెలుగుతూనే ఉన్నాయి, ఫైలు మాత్రం మళ్ళీ తెరుచుకోలేదు. అర్ధరాత్రి దాకా కూర్చుని మళ్ళీ కంపోజ్ చేసుకున్నారు. స్విచ్‌కి యూపీఎస్ ఇవ్వడం మర్చిపోయింది నేనే. అదే షాపులో మొదటి రోజు ఇంకో కంప్లయింట్: "షేర్ చేస్తే తెలుగు పోయి పిచ్చి అక్షరాలు వస్తున్నాయి" అని. షేరింగ్ తప్పేం లేదు, రెండో సిస్టమ్‌లో 'అను' పేరున్న తెలుగు ఫాంట్లు లేవు. ఫైలు వెళ్తుంది, ఫాంటు దానంతటదే వెళ్ళదు.

ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. 2019లో టాక్స్ కన్సల్టెంట్ ఒకాయన ఇంట్లో సరిగ్గా మీలాగే రెండు సిస్టమ్‌లు. ల్యాప్‌టాప్‌లో బిల్లు అని వచ్చిన మెయిల్ అటాచ్‌మెంట్ తెరిచారు. రాన్సమ్‌వేర్, ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వైరస్. అది ల్యాప్‌టాప్‌తో ఆగలేదు, జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ అయి ఉన్న డెస్క్‌టాప్ ఫోల్డర్‌లోకి కూడా పోయి అన్నిటికీ తాళం వేసింది. డెస్క్‌టాప్‌లో వైరస్ లేదు, దాని ఫైళ్ళు పోయాయి. రాసే హక్కు ఉంది కాబట్టి రాసింది. బీరువాలో పెట్టి మర్చిపోయిన పాత ఎక్స్‌టర్నల్ డిస్క్ వల్ల చాలావరకు తిరిగొచ్చాయి. రెండు సిస్టమ్‌లు కలిపినంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు. వైరు పీకి బీరువాలో పెట్టిన డిస్క్‌లో ఇంకో కాపీ ఉండాల్సిందే.

అలాగే "ఎస్‌ఎంబీ 1.0 ఆన్ చెయ్యండి" (ఎస్‌ఎంబీ అంటే విండోస్ ఫైళ్ళు షేర్ చేసుకునే పద్ధతి, 1.0 దాని పాత వెర్షన్) అనే సలహా ఎక్కడైనా కనబడితే పక్కకి జరిగిపోండి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది ఆ పాత ఎస్‌ఎంబీలో ఉన్న లోపం పట్టుకునే. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది. రెండు నెలల ముందే, మార్చిలోనే మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది, వెయ్యనివాళ్ళు దొరికిపోయారు. మీ రెండు సిస్టమ్‌లకీ ఎస్‌ఎంబీ 1 అవసరమే లేదు. బయట ఊరినుంచి కూడా ఫొటోలు తెరుచుకుందామని రౌటర్‌లో 445 పోర్టు (షేరింగ్ వాడే దారి) తెరవకండి. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి మీ డెస్క్‌టాప్ విషయంలో ఇది ఇంకా గట్టిగా చెప్తున్నాను.

ఎప్పుడో ఒకసారి ఒకటి రెండు ఫైళ్ళు పంపుకోవడమే అయితే ఇంత అక్కర్లేదు, రెండిట్లోనూ నియర్‌బై షేరింగ్ ఉంది, అది చాలు. మీకు రోజూ ఆ ఫొటోల ఫోల్డర్ కావాలన్నారు కాబట్టి ఇదంతా రాశాను.

ముందు ఐపీల పరీక్ష చేసి రెండు ఐపీలూ ఇక్కడ రాయండి. 192.168తో మొదలయ్యేవి ఇంటి లోపలివే, చెప్పినా ప్రమాదం లేదు. ఎర్రర్ వస్తే దాని చివర ఉన్న అంకెలు కూడా రాయండి, 80070035 లాంటివి. స్క్రీన్ ఫొటో పెడితే మాత్రం ఒకసారి పెద్దది చేసి చూసుకుని పెట్టండి. మొన్న ఒకాయన పంపిన ఫొటోలో ఎర్రర్ కనబడలేదు గానీ, మానిటర్ అంచుకి అంటించిన పసుపు చీటీ మీద పాస్‌వర్డ్ మాత్రం శుభ్రంగా కనబడింది.